మామయ్యకు తెలియని పిట్ట



మీకు తెలియని పిట్టను చూపించి దాని పేరేమిటని మీ పాప అడిగితే ఏం చేస్తారు? నేనైతే ఒకసారి క్లాసులో అది సిలబస్‌లో లేదని దాటేశాను. సలీం అలీ గురించి చదివాక సిగ్గేసింది.

ఆయన 1896లో బొంబాయిలో పుట్టారు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచారు. ఒకరోజు ఆ పిల్లవాడు ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. అదేం పిచ్చుకో మామయ్యకూ తెలియలేదు. అయినా విసుక్కోకుండా బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడ కార్యదర్శి మిల్లార్డ్ దాని పేరు చెప్పి, సొసైటీ సేకరించిన పక్షులన్నీ ఓపిగ్గా చూపించారు. ఆ రోజుతో ఆ పిల్లవాడి దారి మారింది.

పెద్దయ్యాక యూనివర్సిటీ డిగ్రీ లేదని ఆయనకు ఉద్యోగం దక్కలేదు. ఆ ఖాళీ రోజుల్లోనే, 1930లో, కిహిమ్ ఊళ్లో గిజిగాళ్లు గూళ్లు అల్లడం గమనించి పేరు తెచ్చుకున్నారు. తర్వాత మన హైదరాబాద్ సంస్థానంలోనూ పక్షుల సర్వే చేశారు. 1941లో భారతీయ పక్షులపై ఆయన పుస్తకం వచ్చింది. 1976లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1987లో కన్నుమూశారు.

ఈ ఆదివారం పొద్దున్నే పిల్లలతో అరగంట డాబా మీద కూర్చోండి. ఎయిర్‌గన్ వద్దు, నోటుబుక్ చాలు. పిట్ట పేరు తెలియకపోతే తెలియదనే చెప్పండి. ఆ తర్వాత ఇద్దరూ కలిసి వెతకండి.