గడప దాటలేని బిడ్డ కోసం



మీ విచారణలో నడవలేని బిడ్డ ఉన్న ఇల్లు ఒకటైనా ఉంటుంది. చిన్నప్పుడు తల్లి ఆ బిడ్డను చంకనెత్తుకొని గుడికీ, ఆసుపత్రికీ తీసుకొనిపోతుంది. బిడ్డ పెరిగి బరువెక్కాక ఇద్దరూ ఇంటికే పరిమితమవుతారు. ఆ తల్లిని తలచుకొంటూ డాక్టర్ మేరీ గ్లౌరీ గారి జీవితం చదవండి.

ఆమె 1887లో ఆస్ట్రేలియాలో జన్మించారు. 1910లో మెల్‌బోర్న్‌లో వైద్యపట్టా పొంది, కంటి వైద్యురాలిగా స్థిరపడ్డారు. 1915లో ఒక చిన్న పుస్తకం ఆమె చేతికందింది. మగ వైద్యుల వద్దకు వెళ్లే ఆచారం లేక భారతదేశంలో స్త్రీలూ పసిబిడ్డలూ మరణిస్తున్నారని అందులో ఉంది. ఆసుపత్రి ఉన్నా దాని గడప వారు దాటలేరు! ఆమె మనసు కలతచెందింది.

1920లో గుంటూరు చేరి, యేసు మరియ జోజప్ప సభలో చేరారు. నాడు గుంటూరుతో పాటు మన కర్నూలు, కడప ప్రాంతాలు కూడా మద్రాసు అగ్రపీఠం క్రిందనే ఉండేవి. మఠకన్యలు వైద్యవృత్తి చేయడానికి ఆనాటి తిరుసభ నియమాలు అడ్డువచ్చాయి. 15వ బెనెడిక్టు పోపుగారు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. చిన్న మందుల గది క్రమంగా సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రిగా పెరిగింది. ఆమె స్థానిక యువతులకు నర్సులుగా, మంత్రసానులుగా శిక్షణ ఇచ్చారు. రాలేని రోగుల కోసం పల్లెలకు తామే వెళ్లారు. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. 1957 మే 5న బెంగుళూరులో కన్నుమూశారు. 2013లో తిరుసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

లోపలికి రాలేనివారు ఎవరని ఆమె మొదట చూశారు. తలుపు వారికోసం తెరిచారు. మనమూ అలాగే చూడాలి. విచారణలో ఆరోగ్య కేంద్రం కట్టాలనుకొంటే, పునాదికి ముందే ఆ బిడ్డ తల్లిని పిలిచి అడగండి. మెట్ల ప్రక్కన వాలుబాట ఉండాలి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి. చక్రాల కుర్చీ పట్టేలా తలుపు మూడడుగుల వెడల్పుండాలి. మరుగుదొడ్డిలో పట్టుకొనే కమ్మీ, చేతికందే కుళాయి ఉండాలి. నునుపు చేసిన కడప బండ తడిస్తే జారుతుంది. వాలుబాటకు గరుకు బండే పరవండి. మన ఎండలకు నీడనిచ్చే వసారా, త్రాగునీటి తొట్టి తప్పనిసరి. ఇవన్నీ ముందే అనుకొంటే ఖర్చు స్వల్పమే. కట్టాక పగులగొట్టడమే భారం.

పక్షవాత రోగిని నలుగురు మోసుకొని వస్తే, కఫర్నాములో దారి దొరకక ఇంటికప్పు విప్పవలసివచ్చింది. మన ఊరి తల్లికి మోయడానికి నలుగురు లేరు. ఆమె ఒక్కతే. ఆమెకోసం వాకిలినైనా సరిగా కడదాం.