కేవీ రెడ్డి: ఇంటిల్లిపాదీ చూసే పాత కామెడీ సినిమా వెతుకుతున్నారా? మన తాడిపత్రి దర్శకుడి స్టాప్‌వాచ్ కథ ఇదే!

కొత్తచెరువు: ఆదివారం భోజనాలయ్యాక అవ్వాతాతల నుంచి పిల్లల దాకా అందరూ కలిసి నవ్వుకునే సినిమా ఏదైనా ఉందా అని ఫోన్‌లో వెతుకుతున్నారా? కొత్తచెరువు, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వాళ్లు మరీ దూరం వెళ్లక్కర్లేదు. అలాంటి సినిమాలు తీసిన కదిరి వెంకటరెడ్డి ఉమ్మడి అనంతపురం జిల్లా మనిషే. అదేనండీ.. మాయాబజార్ కేవీ రెడ్డి! ఆయన సినిమా దొరకడం తేలికే. కోతల్లేకుండా దొరకడమే అసలు పని. ఆ కోతలు ఎందుకంత నష్టమో ఆయన జీవితం చూస్తే అర్థమవుతుంది.

లెక్కల మనిషి

1912 జులై 1న తాడిపత్రిలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ చదివారు. వాహినిలో ప్రొడక్షన్ మేనేజర్‌గా చేసి, 1943లో భక్త పోతనతో దర్శకుడయ్యారు. ఆ తర్వాత గుణసుందరి కథ, పాతాళ భైరవి, పెద్దమనుషులు, దొంగరాముడు వచ్చాయి.

షూటింగ్ మొదలయ్యే నాటికే స్క్రిప్ట్ పక్కాగా ఉండాల్సిందే. సెట్‌లో చేతిలో స్టాప్‌వాచ్! ఏ సీన్ ఎంతసేపు ఉండాలో ముందే లెక్క. అందుకే ఆయన సినిమాలో ఒక్క సీన్ ఎగిరిపోయినా వెలితి తెలిసిపోతుంది.

దేవుళ్ల నుంచి ఇంటి గొడవల దాకా

కృష్ణుడిగా ఎన్టీఆర్‌ను జనం ఒప్పుకోరని అనుమానాలు వచ్చినా కేవీ రెడ్డి వెనక్కి తగ్గలేదు. 1957 మార్చి 27న మాయాబజార్ విడుదలైంది. తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలుసు.

మరుసటి ఏడాదే మాయలు, మంత్రాలు పక్కన పెట్టి పెళ్లినాటి ప్రమాణాలు తీశారు. అక్కినేని, జమున, ఎస్వీ రంగారావు నటించారు. పెళ్లిలో చేసిన ప్రమాణాలు మొగుడు మర్చిపోతే ఇల్లు ఏమవుతుంది? నవ్విస్తూనే గట్టిగా అడిగిన సినిమా ఇది. తెలుగులో ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం అందుకుంది.

చివరి గెలుపు

1961లో జగదేకవీరుని కథ హిట్. కానీ ఆ తర్వాత టైమ్ కలిసి రాలేదు. 1965లో సత్య హరిశ్చంద్ర, 1968లో ఉమా చండీ గౌరీ శంకరుల కథ నిరాశపరిచాయి. ఇక పనైపోయిందనుకున్న టైమ్‌లో 1971లో ఎన్టీఆర్ హీరోగా శ్రీకృష్ణసత్య తీసి మళ్లీ నిలబడ్డారు. మరుసటి ఏడాది సెప్టెంబర్ 15న, 60 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇంట్లో చూడాలంటే..

మన చట్టం ప్రకారం సినిమాపై కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఈ రెండు సినిమాలకూ ఆ గడువు దాటింది. పాత సినిమాలకు యూట్యూబ్‌లో రకరకాల ప్రింట్లు కనిపిస్తాయి. అందుకే ప్లే నొక్కే ముందు ఇవి చూసుకోండి.

* పేరుతో పాటు ఏడాది కూడా కొట్టండి. మాయాబజార్ పేరుతో 2006లో ఇంకో సినిమా వచ్చింది.
* రెండు సినిమాలకూ తమిళ వెర్షన్లు ఉన్నాయి. మాయాబజార్‌లో అభిమన్యుడిగా జెమినీ గణేశన్ కనిపిస్తే అది తమిళమే.
* నిడివి చూడండి. మాయాబజార్ బ్లాక్ అండ్ వైట్ ప్రింటు మూడు గంటలకు పైనే. 2010లో వచ్చిన రంగుల వెర్షన్ అంతకంటే చిన్నది.

ఫోన్‌ను టీవీకి కలిపేసి, ఫుల్ ప్రింటే పెట్టండి. సెకన్లు లెక్కపెట్టి తీసిన మనిషి సినిమా మరి!