కాలిబంతి నేర్పిన బడిపంతులు – సయ్యద్ అబ్దుల్ రహీం

క్రీడాచరిత్రలో గోలు చేసిన వాని పేరు నిలుస్తుంది. ఆ గోలు చేయుటకు నేర్పిన గురువు పేరు తరచుగా మరుగున పడుతుంది. అట్లు మరుగున పడిన మహనీయులలో హైదరాబాదు వాస్తవ్యుడైన సయ్యద్ అబ్దుల్ రహీం ఒకరు. భారత ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగమని చెప్పుకొనే కాలాన్ని తీర్చిదిద్దిన ఆ శిల్పి జీవితాన్ని మా విద్యార్థుల ముందుంచుట మా ఉద్దేశము.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, అచటి జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ మున్నగు చోట్ల పాఠశాలలలో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో శిక్షణ పొందారు. 1940 దశకంలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శియై, కడదాకా ఆ బాధ్యతను వహించారు.

ఆయన శిక్షణలో బడిపంతులు పద్ధతి స్పష్టంగా కనిపిస్తుంది. ప్రతి లోపానికి ఒక అభ్యాసాన్ని కల్పించేవారు. బంతిని తన వద్దనే అట్టిపెట్టుకొనే అలవాటు మాన్పుటకు, ఒంటరిగా బంతిని తీసుకుపోవుట నిషేధించిన పోటీలు పెట్టారు. ఎడమకాలు బలహీనమైన వారి కొరకు బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు నడిపారు. వీటికి ధనం అవసరం లేదు. ఆలోచన, ఓపిక ఉంటే చాలు.

1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు ఆయన శిక్షకులు. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచి దేశాన్ని ఆశ్చర్యపరచింది. ఆయన ప్రతిభను గుర్తించి జాతీయ జట్టు బాధ్యతను కూడ అప్పగించారు. 1951లో న్యూఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో మన జట్టు ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం గెలుచుకొన్నది.

ఆ మరుసటి ఏడే పరాభవం ఎదురైనది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, ఆ చలిదేశంలో, మనవారిలో పలువురు వట్టికాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడిపోయారు. ఆ పిమ్మట మన ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి అయినవి. రహీం ఆ ఓటమిని పాఠంగా స్వీకరించి జట్టును మరల మొదటినుండి నిర్మించారు. ఫలితంగా 1956 మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి సెమీఫైనల్ చేరితిమి. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతవరకు చేరిన తొలి ఆసియా దేశం మనదే. అందు నాల్గవ స్థానం లభించినది.

ప్రతిభ ఏ గుడిసెలో ఉన్నా ఆయన కన్ను దానిని పసిగట్టేది. సికిందరాబాదు ప్రాంతపు పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం అభ్యాసానికి వచ్చుటకు దారి లేక వెనుకాడగా, రహీం సైకిలు అద్దెకు తామే డబ్బు ఇచ్చేవారట. ఆ బాలుడే తరువాత దేశం గర్వించే ఆటగాడైనాడు. కులమతాల తేడా ఆయన మైదానంలో లేదు.

1962లో జకార్తా ఆసియా క్రీడలకు బయలుదేరునాటికే రహీంను క్యాన్సర్ వ్యాధి పీడించుచున్నది. తొలి పోటీలో దక్షిణ కొరియా చేతిలో ఓటమి. తలకు గాయమై కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరుసలో ఆడించారు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో అదే దక్షిణ కొరియా ఎదురైనది. లక్షమంది ప్రేక్షకులలో అత్యధికులు మనకు ప్రతికూలురు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు చేయగా 2–1తో స్వర్ణం మనకు దక్కినది. ఆ పిమ్మట ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణం మనకు నేటికీ రాలేదు.

1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గాని ఏర్పడలేదు. 2024లో వచ్చిన ‘మైదాన్’ చలనచిత్రం వల్ల ఆయన పేరు క్రొత్త తరానికి తెలిసినది.

భైరవానితిప్ప జలాశయం ఉన్నను వేదవతి నీటికై ఎదురుచూచే గుమ్మఘట్ట సీమ మనది. ఇచట వానకు కొరత కలదు. బయలు నేలకు కొరత లేదు. పచ్చిక లేదని, పరికరాలు లేవని మనం చెప్పుకొనే మాటలకు రహీం జీవితమే సమాధానం. మైదానాన్ని చదును చేయించి ఒక బంతి ఇచ్చుట కళాశాల కమిటీ పెద్దల చేతిలో ఉన్నది. ఆ బంతి వెనుక క్రమం తప్పక పరుగెత్తుట విద్యార్థుల చేతిలో ఉన్నది. నడుమ నిలిచి ఓపికతో నేర్పవలసినది ఉపాధ్యాయులమైన మేము. రహీం సాహెబు మాకు విడిచిపోయిన పని ఇదే.