బూదికోట నుండి నరసింగరాయనిపేట వరకు

చిత్తూరు నుండి పలమనేరు పోవు బస్సు బంగారుపాళెము దాటిన పిమ్మట మొగిలి కనుమ నెక్కును. బస్సులో కూర్చున్న విద్యార్థి కొండలను చూచి సంతోషించునే కాని, ఆ యెత్తు మీదికి ఫిరంగుల నీడ్చుట యెంతటి పనియో ఊహింపడు. 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలిసు ప్రభువు కోటగోడలు పగులగొట్టు ఫిరంగులతో ఈ కనుమ దాటి, పలమనేరు మీదుగా బెంగుళూరుపై నడచెను. పెద్ద ఫిరంగుల నెక్కించుటకు ఏనుగుల సాయము కావలసి వచ్చెను. ఈ కనుమల గుట్టు అతనికంటె చాల ముందుగా గ్రహించిన సేనాని యొకడు కలడు. అతడు అక్షరము వ్రాయ నేరడు. అతడే హైదరాలీ.

కుప్పమునకు వాయవ్యముగా, కోలారు జిల్లాలో, బూదికోట యను ఊరు కలదు. 1720 ప్రాంతమున హైదరు అచ్చట జన్మించెను. తండ్రి ఫతే మహమ్మదు ఒకప్పుడు ఆర్కాటు నవాబు కొలువులో ఏబదిమంది బాణదారులకు నాయకుడు. బాణమనగా వింటి బాణము కాదు. మందు కూరిన గొట్టమును వెదురుకఱ్ఱకు కట్టి నిప్పంటించిన నెగిరిపోవు సాధనము. మన పిల్లలు దీపావళినాడు కాల్చు తారాజువ్వకు పెద్దన్న. ఆ కాలమున దానిని సైన్యములు ముఖ్యముగా సంజ్ఞల కొరకే వాడుచుండిరి. హైదరు చిన్నతనముననే తండ్రి యుద్ధములో హతుడయ్యెను. పేదరికములో పెరిగిన బాలునకు చదువు అబ్బలేదు. కాని తెలుగు, కన్నడము, తమిళము, మరాఠీ, హిందూస్తానీ భాషలు నోట నాడుచుండెను. ఈ సరిహద్దు సీమలో పుట్టినవానికి అది వింత కాదు.

1749లో దేవనహళ్ళి ముట్టడిలో చూపిన పరాక్రమము వలన అతడు మైసూరు కొలువున పైకి వచ్చెను. తరువాత తిరుచిరాపల్లి యుద్ధరంగమున ఫ్రెంచి, ఆంగ్లేయ సైన్యములు పోరు తీరును కన్నులార గాంచెను. మన రాజులకును ఫిరంగులు లేకపోలేదు. కోటబురుజుల మీద బ్రహ్మాండమైనవి యుండెను. అయితే అవి కదలవు. ఒకమారు ప్రేల్చిన పిదప మరల నింపుటకు చాల సేపు పట్టును. ఐరోపావారి ఫిరంగి చిన్నది, తేలికయైనది. దాని చుట్టు నిలిచిన మనుష్యులలో ఎవని పని వానికి తెలియును. గెలుపు లోహములో లేదు, అలవాటులో ఉన్నదని హైదరు కనిపెట్టెను. 1755 ప్రాంతమున దిండిగల్లు ఫౌజుదారు కాగానే తిరుచిరాపల్లి, శ్రీరంగము, పుదుచ్చేరిల నుండి పనివారిని రప్పించి, ఫ్రెంచి నిపుణుల క్రింద ఫిరంగిశాలను, మందు తయారుచేయు శాలను నెలకొల్పెను. 1761లో పుదుచ్చేరి ఆంగ్లేయుల వశము కాగా, ఫ్రెంచి సైనికులు కొందరు అతని కొలువున చేరిరి.

ఆ సంవత్సరమే అతడు మైసూరు రాజ్యాధికారమును తన చేతిలోనికి తీసికొనెను. రాజు సింహాసనము మీదనే యుండెను. ఏలినవాడు మాత్రము హైదరు. ఎదురు తిరిగిన ఖండేరావును ఇనుప పంజరములో పెట్టించి పాలు, అన్నముతో చిలుకవలె పోషించెనని ప్రసిద్ధి. వీరుని కథ చెప్పునపుడు ఇట్టి క్రూరచేష్టలను దాచుట ఉపాధ్యాయునకు తగదు.

ఆంగ్లేయులతో మొదటి యుద్ధము 1767లో వచ్చెను. తిరువణ్ణామల వద్ద ఓడియు అతడు వెనుదీయలేదు. 1769 మార్చిలో భారమైన సైన్యమును కనుమల వైపు పంపివేసి, ఆరువేల గుఱ్ఱపుదళముతో, కొద్దిమంది కాల్బలముతో, వెంట ఒక్క ఫిరంగియైన లేకుండ మూడున్నర దినములలో 130 మైళ్ళు నడచి చెన్నపట్టణపు గుమ్మము నొద్ద నిలిచెను. ఫిరంగుల కొఱకు ఇంత పాటుపడినవాడు తన జీవితములోని గొప్ప సంధిని ఫిరంగి లేకుండగనే సాధించుట విచిత్రము. ఏప్రిలులో సంధి కుదిరెను. ఒకరిపై శత్రువు వచ్చిన రెండవవారు తోడ్పడవలెనన్నది ఒడంబడిక.

ఆ మాట రెండేండ్లు కూడ నిలువలేదు. 1771లో మహారాష్ట్రులు చినకురళి వద్ద హైదరు సేనను చిందరవందర చేసి ఫిరంగులను పట్టుకొనిరి. ఆంగ్లేయులు సాయము పంపలేదు. హైదరు దీనిని ప్రాణమున్నంతవరకు మరువలేదు.

రెండు యుద్ధముల నడుమనున్న ఆ తరువాతి తొమ్మిదేండ్లు అతని జీవితములో చరిత్ర పుస్తకములు రెండు వాక్యములలో దాటిపోవు భాగము. నా దృష్టిలో అదియే ముఖ్యమైనది. పోయిన ఫిరంగులకు బదులు క్రొత్తవి సమకూర్చెను. పశ్చిమతీరమున ఫ్రెంచివారి మాహే రేవు ద్వారా మందుగుండు, ఆయుధములు వచ్చుచుండెను. తండ్రినాటి బాణమునకు ఇనుప గొట్టము తొడిగించెను. వెదురు, కాగితపు గొట్టములలో మందు గట్టిగా కూరిన అవి పగిలిపోవును. మెత్తని ఇనుమును సాగగొట్టి చేసిన గొట్టము లోపలి ఒత్తిడికి తాళును. అందుచే బాణము మైలు దూరము, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పోవును. గొట్టము సుమారు ఎనిమిది అంగుళములు, కఱ్ఱ నాలుగడుగులు. ఇట్టివానిని ప్రయోగించువారు 1200 మంది యుండిరందురు. 2018లో శివమొగ్గ జిల్లాలో నగరకోట సమీపమున ఒక పాత బావిలో వేయికి పైగా ఈ గొట్టములు బయల్పడెను. ఈ బాణములనే చూచి 19వ శతాబ్ది ఆరంభమున కాంగ్రీవు ఇంగ్లండులో రాకెట్లు చేసెను.

మఱి ఫిరంగులను లాగునదెవరు? ఎడ్లు. మైసూరు దొరల పాతకాలపు మందలను హైదరు వేలకొలదిగా పెంచెను. టిప్పు వానికి అమృతమహలని పేరిడెను. మన పుంగనూరు ఆవు పొట్టిది, పాలకు పేరుపడినది. పాపము, ఫిరంగి లాగుటకు పనికిరాదు. అమృతమహలు ఎద్దు పొడవైన కాళ్ళు, వాడి కొమ్ములు గలది. నడకలో గుఱ్ఱమునకు తీసిపోదు.

1779లో ఆంగ్లేయులు మాహేను పట్టుకొనిరి. హైదరుకు అది తన ఆయుధశాల తలుపు మూసినట్లయ్యెను. 1780 జూలైలో అతని సేన కనుమలు దిగెను. సెప్టెంబరు 10న కంచి సమీపమున పొల్లిలూరు వద్ద బెయిలీ దళమును, సుమారు 3,800 మందిని, హైదరు, టిప్పు చుట్టుముట్టిరి. మైసూరు దెబ్బలకు ఆంగ్లేయుల మందుగుండు బండ్లు ప్రేలిపోయెను, దళము నాశనమయ్యెను. కొన్ని మైళ్ళ దూరముననున్న మన్రో తన పెద్ద ఫిరంగులను కంచి కోనేటిలో పడవేసి చెన్నపట్టణమునకు తిరిగిపోయెను.

ఐర్ కూటు వచ్చినపిదప 1781లో గాలి మారెను. పోర్టోనోవో, పొల్లిలూరు, షోలింగూరు, మూడుచోట్లను హైదరుకు ఓటమియే. మదనపల్లి చెంతనున్న గుఱ్ఱంకొండ నేలిన అతని బావమరది మీర్ సాహెబు పోర్టోనోవోలో ప్రాణములు విడిచెను. అయినను యుద్ధము ముగియలేదు. ఓడిన ప్రతిమారును ఎడ్లు శత్రువు కన్నుల యెదుటనే ఫిరంగులను లాగుకొనిపోయెను. ఆంగ్లేయులకు ఆహారము సముద్రముపై వచ్చుచుండెను. ఎడ్లు సముద్రము నీదలేవు గదా! నేలపై దొరకు ఆహారమునైన దక్కనీయరాదని హైదరు చెన్నపట్టణము చుట్టుపట్ల ఊళ్ళను తగులబెట్టించెను. ఆ నిప్పులో కాలినది కుంపిణీ కాదు, ఎవరి పక్షమునను లేని రైతు. ఫిరంగుల విషయమున అతనిని మెచ్చిన కలముతోనే దీనిని వ్రాయక తప్పదు.

1782 చివర హైదరు వీపున రాచపుండు లేచెను. డిసెంబరు 7న చిత్తూరు సమీపమున నరసింగరాయనిపేట దండులో అతడు మరణించెను. టిప్పు మలబారులో నుండెను. దండు చెదరిపోవునని మంత్రులు పూర్ణయ్య, కృష్ణారావులు మరణవార్తను దాచి, ప్రభువు బ్రతికియున్నట్లే నిత్యకార్యములు నడిపిరి. శవమును పెట్టెలో నుంచి, ఖజానా సొమ్మును పంపునట్లు కావలివారి నిచ్చి కోలారునకు పంపిరి. చిత్తూరు నుండి కోలారుకు పోవు మార్గము మొగిలి కనుమ, పలమనేరు, నంగిలి, ముళబాగిలు మీదుగ పోవును. పెట్టెలో నేమున్నదో దారిలోని ఊళ్ళవారికి తెలియదు. కోలారులో బాణదారుల నాయకుడైన తండ్రి సమాధి యొద్ద దానిని దింపిరి. 1783 జనవరి మొదటి దినములలో టిప్పు దండు చేరి అధికారము వహించెను. తరువాత తండ్రి శరీరమును శ్రీరంగపట్టణమునకు తరలించి గుంబజు కట్టించెను. ఫతే మహమ్మదు సమాధి కోలారులోనే యున్నది.