అశోకుని పశ్చాత్తాపము

ఓడినవాడు వగచుట లోకసహజము. గెలిచిన రాజు తన గెలుపునకే వగచి, ఆ వగపును తానే రాళ్ళపై చెక్కించుట చరిత్రలో బహు అరుదు. మౌర్య చక్రవర్తియగు అశోకుడు అట్టివాడు.

అశోకుడు చంద్రగుప్తుని మనుమడు, బిందుసారుని కుమారుడు. క్రీ. పూ. 268 ప్రాంతమున పాటలీపుత్రమున పట్టాభిషిక్తుడయ్యెను. 99 మంది సోదరులను చంపి రాజ్యమునకు వచ్చెనని సింహళ గ్రంథములు చెప్పును. కాని అతని శాసనములలోనే సోదరుల గృహముల ప్రసక్తి యుండుటచే ఆ కథను యథాతథముగా నమ్మ వీలులేదు. శంకింపరాని నేర మొక్కటి కలదు. దానిని అతడే చెప్పుకొనెను. అదియే కళింగ యుద్ధము.

పట్టాభిషేకమైన 8 ఏండ్లకు అతడు కళింగమును జయించెను. 1,00,000 మంది రణమున కూలిరి. 1,50,000 మంది దేశమునుండి తరలింపబడిరి. అంతకు పెక్కురెట్లు జనులు ఇతర విధముల నశించిరి. ఈ లెక్కలు శత్రువులు వ్రాసినవి కావు. 13వ శిలాశాసనమున విజేతయే వ్రాయించినవి. అతని వగపు మృతుల సంఖ్యతో ఆగలేదు. తల్లిదండ్రులను, గురువులను సేవించుచు సాధుజీవనము గడపువారు, తాము సురక్షితులై యున్నను, బంధుమిత్రులకు కలిగిన ఆపదచే క్రుంగిపోయిరని అతడు గుర్తించెను. నాడు నష్టపడినవారిలో నూరవ పాలు, వేయవ పాలు ఇకమీద బాధపడినను తనకు దుస్సహమని ప్రకటించెను.

అయినను మనస్సు ఒక్కనాట మారలేదు. ఉపాసకుడైన పిదప తొలియేడు తాను గట్టిగా పూనుకొనలేదని లఘుశిలాశాసనములలో అతడే ఒప్పుకొనెను. సంఘమును చేరిన తరువాతనే పూనిక హెచ్చినది. మనుష్యులకును పశువులకును వైద్యము, బాటల ప్రక్క చెట్లు, నూతులు ఏర్పడెను. దినమునకు లక్షలకొలది ప్రాణులు కూలుచుండిన రాజు వంటశాలలో ఆ సంఖ్య రెండు నెమళ్ళకును ఒక లేడికిని దిగెను. తాను భుజించుచున్నను, అంతఃపురమున నున్నను ప్రజల కార్యములను వెంటనే నివేదింపవలెనని ఆజ్ఞాపించెను.

ఈ పశ్చాత్తాపమునకు మేరలును కలవు. కళింగమును అతడు విడిచిపెట్టలేదు. తరలింపబడినవారు మరల ఇల్లు చేరినట్లు శాసనములలో మాటలేదు. అడవిజాతులను క్షమింతునని చెప్పుచునే తన దండనశక్తిని గుర్తుచేసెను. మరణదండనను తొలగింపక, దండితులకు మూడు దినముల గడువు మాత్రమిచ్చెను. వీటన్నిటికంటె విచిత్రమైనది వేరొకటి. కళింగదేశమందలి ధౌళి, జౌగడలలో ఆ 13వ శాసనము లేదు. పుండుపై కారము చల్లినట్లగునని యెంచెను కాబోలు! దానికి మారుగా అచ్చట రెండు ప్రత్యేక శాసనములు వెలసెను. ప్రజలందరు తన బిడ్డలనియు, నిష్కారణముగా నెవ్వరిని బంధింపరాదనియు, హింసింపరాదనియు అధికారులకు హెచ్చరిక చేసెను. ఆ యాజ్ఞ నడచుచున్నదో లేదో చూచుటకు 5 ఏండ్ల కొకసారి ఉద్యోగిని పంపుటకు నిర్ణయించెను. వగపును ఒలుకబోయుటకంటె, వగపునకు కారణమైన చోట పాలనను చక్కదిద్దుట మేలని ఇందు తోచును.

ఆ వగపు చెక్కబడిన శిల యొకటి తెలుగునేలపైనను కలదు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి కొండరాళ్ళపై అతని 14 శాసనములును కానవచ్చును. 13వ దానిలో ఆంధ్రుల పేరు చెప్పబడినది. తన కుమారులును, మునిమనుమలును క్రొత్త విజయములను కోరరాదనియు, ధర్మవిజయమే నిజమైన విజయమనియు అందే అతడు ఉపదేశించెను.

క్రీ. పూ. 232 ప్రాంతమున అశోకుడు మరణించెను. కళింగము తరువాత దాదాపు 30 ఏండ్లు ఏలినను, మరియొక దండయాత్ర చేసినట్లు ఆధారము లేదు. చేసినదానిని చెరిపివేయుట చక్రవర్తికిని సాధ్యము కాలేదు. మరల చేయకుండుట మాత్రము సాధ్యమయ్యెను.