కాటన్ దొరగారును మన నగరం లంకయు

1833 నాటి నందన కఱవున గోదావరీమండలమందు మనుష్యులును పశువులును మడిసిరి. 1803లో ఇంగ్లండున జన్మించి, 1821లో చెన్నపురికి వచ్చిన ఆర్థరు కాటన్ దొరగారు 1847లో ధవళేశ్వరపు ఆనకట్ట నారంభించి 1852లో ముగించిరి. కాని మన మామిడికుదురున్న నగరం లంకకు వైనతేయ యడ్డము. వారి క్రింది యుద్యోగియగు హేగుదొర గన్నవరమువద్ద 49 కమానుల అక్విడక్టు కట్టి, కాలువను నదిమీదుగా దాటించెను. నీటివలన వరియు, వరిగడ్డివలన పాడియు వర్ధిల్లెను. దొరగారు 1899లో దివంగతులైరి.

2011లో మురుగు పాఱక, గిట్టుబాటు లేక కోనసీమ రైతులు తొలకరిపంటను మానుకొనిరి. కావున దొరగారి విగ్రహమునకు దండ వేయుటకంటె కాలువగట్లను, పంటబోదెలను, మురుగుకాలువలను కాపాడుకొనుటయే నిజమైన కృతజ్ఞత యని మహాజనులకు మేము విన్నవించుచున్నాము.