శ్రీ కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు

గ్రంథాలయ మనగా బీరువాలలో పుస్తకములను పేర్చి తాళము వైచిన గది యని పెక్కండ్రు తలంతురు. గ్రంథపాలకు డనగా ఆ తాళపుచెవిని మొలను దోపుకొని కూర్చుండువా డని మఱికొందఱు తలంతురు. ఈ రెండు తలంపులును సరియైనవి కావు. ధాన్యము గాదెలో నున్నంత మాత్రమున ఆకలి తీఱదు. దానిని కొలిచి, దంచి, వండి, వడ్డించువా రుండవలెను. విద్యయు నట్టిదే. గ్రంథములను సేకరించుట, వెదకినంతనే దొరకునట్లు వానిని క్రమపఱచుట, కోరినవానికి కోరిన పుస్తకము నందించుట, లోకమునకు గావలసియు నెచ్చటను లేని పుస్తకమును పండితులచే వ్రాయించుట, ఈ నాలుగు పనులును జరిగినప్పుడే విద్య జనులకు జేరును. ఈ నాలుగింటిని ఒక్క జీవితకాలమున దెలుగువారి కొఱకు జేసి చూపిన మహనీయులు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు. వీరు జీతము గొని గ్రంథాలయమున కొలువు చేసినవారు కారు. అయినను గ్రంథపాలకుని ధర్మము ఎంత విశాలమైనదో వీరి చరిత్రమువలన దెలియునంతగా మఱియొకరి చరిత్రమువలన దెలియదు.

లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరము మే నెల 18వ తేదిని కృష్ణామండలమునందలి పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించిరి. తండ్రి వేంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. బిడ్డకు మూడేండ్ల ప్రాయముననే తండ్రి పరలోకగతులైరి. తండ్రిలేని యా బాలునకు అక్కగారగు బండారు అచ్చమాంబగారి యిల్లు ఆశ్రయమయ్యెను. ఆమె భర్త మాధవరావుగారు మధ్యపరగణాలలో నుద్యోగము చేయుచుండుటచే బాలుడు స్వగ్రామమును విడిచి నాగపుర ప్రాంతమునకు బోయి విద్య నభ్యసింపవలసి వచ్చెను.

విద్యను బంచుకొనుట యెట్టిదో లక్ష్మణరావుగారు మొదట చూచినది ఆ యింటనే. ఆ దినములలో ఆడుబిడ్డలను బడికి బంపువారు అరుదు. అచ్చమాంబగారు తమ్ముని చదువునకు దోడుగ తామును అక్షరములు నేర్చి, తమ కృషిచేతనే పెద్ద గ్రంథములను జదువగలవారైరి. తుదకు మన దేశమునందలి సాధ్వీమణుల చరిత్రములను గూర్చి 'అబలాసచ్చరిత్ర రత్నమాల' యను గ్రంథమును రచించిరి. కథలును వ్రాసిరి. 1905వ సంవత్సరమున చిన్నవయస్సుననే ఆమె మరణించిరి. ఒక దీపమునుండి మఱియొక దీపమును వెలిగించినచో మొదటి దీపపు వెలుగు తఱుగదు. ఒకని కొఱకు దెచ్చిన పుస్తకము ఇంటనున్న వేఱొకరి చేతికి జిక్కిన నెంత మేలు కలుగునో ఈ అక్కాతమ్ముల చరిత్రము చెప్పుచున్నది.

నాగపురమున లక్ష్మణరావుగారు మరాఠీభాషను మాతృభాషవలెనే నేర్చి, ఆ భాషాపత్రికలలో వ్యాసములు ప్రకటింపగలవారైరి. సంస్కృతము, ఆంగ్లేయము, హిందీ మున్నగు భాషలయందును బరిచయము సంపాదించిరి. పట్టభద్రులై, పిమ్మట ఎం.ఏ. పరీక్షయందును గృతార్థులైరి. మరాఠీ దేశమున చరిత్ర పరిశోధనము, పత్రికలు, దేశభాషలో శాస్త్రగ్రంథములు వృద్ధి పొందుచుండుటను గన్నులార జూచిరి. తమ తెలుగువారి స్థితిని దానితో బోల్చి చూచుకొనినప్పుడు వారి హృదయమున గలిగిన వెలితియే తరువాతి కార్యములన్నింటికిని మూలమయ్యెను.

విద్య ముగిసిన పిమ్మట వీరు మునగాల సంస్థానాధిపతులగు నాయని వేంకట రంగారావుగారి కొలువున జేరి దివానుగా బనిచేసిరి. మునగాల ఆంగ్లేయుల యేలుబడిలోని కృష్ణామండలమునకు జేరినదే యైనను, దాని చుట్టును నిజాము రాజ్యమే యుండెను. ఆ సంబంధముచే లక్ష్మణరావుగారికి హైదరాబాదు నగరముతో బరిచయము గలిగెను. ఆనాటి హైదరాబాదులో రాజభాష ఉర్దూ. కచ్చేరీలందును పాఠశాలలందును ఉర్దూకే ప్రాధాన్యము. 1891వ సంవత్సరమున స్థాపింపబడిన ఆసఫియా గ్రంథాలయము అరబ్బీ, పారసీ, ఉర్దూ గ్రంథములకు నిధియై ప్రసిద్ధి కెక్కియుండెను. తెలంగాణమున ఇండ్లలో బలుకు భాష తెలుగే యైనను, తెలుగు పుస్తకమును జదువగోరువాడు పోదగిన చోటు నగరమున లేకుండెను.

ఈ కొఱతను దీర్చుటకై లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజాగారు మున్నగువారు కూడి 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదిని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. రంగారావుగారు తమ యింటనే దానికి జోటిచ్చిరి. ఆంధ్రభాష నాదరించిన చక్రవర్తి పేరును దానికి బెట్టుటలో నొక యర్థమున్నది. ఏ భాష యొకనాడు రాజసభను వెలయించెనో ఆ భాష ఆ నగరమున నొక గదికైన నోచుకొనని దినములవి. రంగారావుగారు 1910వ సంవత్సరముననే కాలధర్మము నొందిరి. అయినను వారి ధర్మపత్ని లక్ష్మీనరసమ్మగారు ద్రవ్యసహాయము చేసి గ్రంథాలయమునకు స్వంత భవన మేర్పడుటకు దోడ్పడిరి. 1921వ సంవత్సరమున భవనము వెలసెను. ఒక గ్రంథాలయము నిలుచుటకు దాని తలంపు పుట్టించినవాడొక్కడే చాలడు. చోటిచ్చువాడు, ధనమిచ్చువాడు, దినదినమును తలుపు తెఱచువాడు, ఇందఱు కావలెను. వీరిలో దినదినమును తలుపు తెఱచువాని పేరు చరిత్రమున కెక్కదు. కాని యాతడు లేనిచో దక్కినవారి శ్రమ వ్యర్థమగును.

ఈ నిలయమును జూచి ఇతరులును మేలుకొనిరి. 1904వ సంవత్సరమున హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905వ సంవత్సరమున సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయమును వెలసినవి. కాలక్రమమున తెలంగాణమునందలి అనేక గ్రామములలో గ్రంథాలయములు పుట్టి, జనులు కూడి పత్రికలు చదువుకొనుటకును, తమ భాషను, తమ చరిత్రమును దెలిసికొనుటకును నెలవులైనవి.

గ్రంథాలయము వెలసిన పిమ్మట మఱియొక చిక్కు కానవచ్చెను. ఆనాటి తెలుగున పురాణములు, ప్రబంధములు, శతకములు కొల్లలుగా నుండెను. కాని భూమి యెట్లు తిరుగునో, రోగ మెట్లు వ్యాపించునో, అన్యదేశముల ప్రజలు స్వాతంత్ర్యము నెట్లు సంపాదించిరో తెలియగోరు బాలునకు ఈయదగిన తెలుగు పుస్తకములు మిక్కిలి తక్కువ. సామాన్యుడగు గ్రంథపాలకుడు ఆ పుస్తకము లేదని చెప్పి యూరకుండును. లక్ష్మణరావుగా రట్లు ఊరకుండలేదు. 1906వ సంవత్సరమున హైదరాబాదులోనే విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించి, లేని పుస్తకములను వ్రాయించుటకు బూనుకొనిరి. మండలి ప్రకటించిన మొదటి గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. అది 1907వ సంవత్సరమున వెలువడెను. లింకను గారు బీదకుటుంబమున బుట్టి, పుస్తకములు కొనలేక, ఇరుగుపొరుగువారి నడిగి తెచ్చుకొని చదివిన పురుషుడు. అట్టివాని చరిత్రముతో నీ గ్రంథమాల యారంభ మగుట మిగుల నుచితము.

తరువాత మండలి మదరాసునకు మార్పబడెను. చరిత్రములు, జీవితచరిత్రములు, ప్రకృతిశాస్త్రములు, చారిత్రక నవలలు క్రమముగా వెలువడినవి. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ఈ మండలి ప్రకటనలలోనిదే. లక్ష్మణరావుగారు స్వయముగా శివాజీ చరిత్రమును, హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము అను హిందూదేశ చరిత్ర గ్రంథములను రచించిరి. ఇతరులు వ్రాసినవానిని దిద్దుట, సరియైన పారిభాషిక పదములను వెదకుట, అచ్చుపనిని జూచుట వీరి నిత్యకృత్యము లయ్యెను. శాస్త్రమును దెలుగున వ్రాయుట ఆ కాలమున సులభమైన పని కాదు. ఆంగ్లేయపదమునకు దీటైన మాట లేనిచోట దానిని గల్పింపవలెను. కల్పించిన మాట చదువరికి బోధపడవలెను.

ఇంతటితో వారి మనస్సు తృప్తి పొందలేదు. పల్లెటూరి బీదవాడు నూఱు పుస్తకములు కొనలేడు. నూఱు పుస్తకములున్న గ్రంథాలయము ప్రతి గ్రామమునను లేదు. కావున సమస్త విషయములను సంగ్రహించి, అకారాది క్రమమున నమర్చి, ఏ విషయమైనను నిమిషములో వెదకికొనునట్లు చేసిన యొక మహాగ్రంథ ముండిన, అదియే గ్రంథాలయము లేనివానికి గ్రంథాలయ మగును. ఆంగ్లేయులకు బ్రిటానికా యనున దట్టిది. తెలుగువారికిని అట్టిది కావలెనని యెంచి, వీరు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును ఆరంభించిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, రాయప్రోలు సుబ్బారావుగారు, మల్లంపల్లి సోమశేఖరశర్మగారు మున్నగువారు వీరికి దోడైరి. వైదికవాఙ్మయము, వ్యాకరణము, గణితము, జ్యోతిషము, వైద్యము, చరిత్ర, భూగోళము, అన్నియు నందు జేరవలెను. ఒక్కొక్క విషయమునకు దగిన పండితుని వెదకి, వ్రాయుమని ప్రార్థించి, వ్రాసినదానిని సరిచూచి, చాలనిదానిని దామే పూరించుచు వీరు రేయింబవళ్లు శ్రమించిరి.

ఈ పని వారి దేహమును క్షీణింపజేసెను. ఉబ్బసపు వ్యాధి వారిని బాధించుచుండెను. మదరాసునందలి వారి గృహమునకు వేదవిలాస మని పేరు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1919వ సంవత్సరము మే నెల 27వ తేదిని తుదిశ్వాస విడిచినది ఆ గృహముననే. నాలుగేండ్లకు, 1923వ సంవత్సరము జూలై 12వ తేదిని, లక్ష్మణరావుగారును మదరాసుననే దేహము చాలించిరి. అప్పటికి వారికి 46 ఏండ్లు మాత్రమే. విజ్ఞానసర్వస్వము మూడు సంపుటములయ్యెను. ఆ మూడును అకారమును దాటలేదు.

చదువరులారా, ఇచట నొక ప్రశ్న పుట్టును. ఒక జీవితమంతయు ధారపోసి మొదటి యక్షరమునైన దాటలేని కార్యము విఫలమైనదా? పైకి జూచిన నట్లే తోచును. ద్రవ్యమును, బలమును ఎఱుగక పెద్దబరువు నెత్తుకొనిరని అనువారును ఉందురు. కాని గ్రంథాలయ ధర్మము నెఱిగినవా రట్లు తలంపరు. ఏ గ్రంథాలయమును పూర్తియైనదని చెప్పుటకు వీలులేదు. ఏటేట క్రొత్త పుస్తకములు వచ్చును, పాతవి జీర్ణించును, క్రొత్త చదువరులు వత్తురు. లక్ష్మణరావుగారు గతించిన మఱుసటి యేడు, 1924లో, మదరాసు విశ్వవిద్యాలయమునకు గ్రంథపాలకులుగా వచ్చిన ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931వ సంవత్సరమున గ్రంథాలయ శాస్త్రమునకు ఐదు సూత్రములు ప్రకటించిరి. పుస్తకములు దాచుటకు గాక చదువుటకే యున్నవనుట వానిలో మొదటిది. గ్రంథాలయము ప్రాణివలె పెరుగుచుండు నదియనుట కడపటిది. లక్ష్మణరావుగారు ఆ సూత్రములను జూడకయే వానిని ఆచరించిన వారు.

వా రారంభించిన కార్యము వారితో నశింపలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు విజ్ఞానసర్వస్వమును మరల జేపట్టి సంపుటములను వెలువరించిరి. 1947వ సంవత్సరమున తెలుగు భాషాసమితి యేర్పడి వేఱొక విజ్ఞానసర్వస్వమునకు బూనుకొనెను. హైదరాబాదులో సంగ్రహాంధ్ర విజ్ఞానకోశము సంపుటములుగా వెలువడెను. 2003వ సంవత్సరమున అంతర్జాలమున నారంభమైన తెలుగు వికీపీడియాను ఎల్లరును వ్రాయవచ్చును, ఎల్లరును ఉచితముగ జదువవచ్చును. గ్రంథాలయోద్యమమును గోస్తామండలములలో అయ్యంకి వేంకటరమణయ్యగారు మున్నగువారు ముందునకు గొనిపోయిరి. 1914వ సంవత్సరమున బెజవాడలో గ్రంథభాండాగారుల మహాసభ జరిగెను. గ్రంథాలయముల భారమును ప్రభుత్వము వహింపవలెనను చట్టము మదరాసు రాష్ట్రమున 1948లోను, హైదరాబాదు రాష్ట్రమున 1955లోను వచ్చెను.

వీరి కృషికి హద్దు లేకపోలేదు. అక్షరము రానివానికి గ్రంథాలయము మూసిన తలుపే. పొలమున దున్నువానికి, రాళ్లు కొట్టువానికి, ఇంటిపనిలో మునిగిన స్త్రీకి ఆనాటి నిలయములు దూరముననే యుండినవి. అందుచేతనే గాడిచర్లవారు గ్రంథాలయోద్యమముతో బాటు వయోజన విద్యకును తరువాత పాటుపడిరి. చదువు నేర్పువాడును, పుస్తక మిచ్చువాడును ఒక బండికి రెండు చక్రముల వంటివారు.

విద్యార్థులారా! శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నేటికిని సుల్తాన్‌బజారున నిలిచియున్నది. నగరమునకు ఉత్తరపు టంచున నున్న మన జవహర్‌నగర్ నుండి ఒక పూటలో పోయి చూచి రావచ్చును. నానా ప్రాంతములనుండి బ్రతుకుతెరువునకై వచ్చి యిచట స్థిరపడిన కుటుంబముల బిడ్డలు మనలో ననేకులు. వారిలో నెందఱి యిండ్లనో పాఠ్యపుస్తకము దక్క వేఱు పుస్తక ముండదు. అట్టివారికి పాఠశాలా గ్రంథాలయమే లోకమును జూపు గవాక్షము. కావున అరువు దెచ్చిన పుస్తకమును గడువులోపల నిచ్చివేయుడు. దానికొఱకు మీవలెనే మఱియొకరు వేచియుందురు. పుట చింపుట యనగా రేపటి చదువరి నోటి యన్నమును దీసికొనుటయే. గ్రంథపాలకుని సమీపించి మీకు గావలసినదేమో వెఱపు లేక యడుగుడు. తలిదండ్రులారా, మీ బిడ్డ ఇంటికి దెచ్చిన పుస్తకమును బిగ్గఱగ జదివించుకొని వినుడు. అచ్చమాంబగారికి విద్య యబ్బినది అట్లు ఇంటిలోనే. మీకు దెలిసిన విషయము తెలుగున లేకున్న, పెద్దవారై మీరే దానిని వ్రాయుడు. లక్ష్మణరావుగారు అకారముతో నాపిన పని మన కొఱకు మిగిలియున్నది.